పద్దు నుంచి ముద్ర దాకా.. రామదాసు నేర్పే ట్యాగింగ్

మీ ఫోన్‌లో నోట్స్ యాప్ తెరిచి ఒకసారి కిందిదాకా జరపండి. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న, బస్సులో తట్టిన ఐడియా, సీనియర్ చెప్పిన పుస్తకం పేరు, నిద్ర పట్టని రాత్రి రాసుకున్న రెండు లైన్లు.. అన్నీ అందులోనే ఉంటాయి. కావాల్సినప్పుడు మాత్రం ఒక్కటీ దొరకదు. ఒకవేళ దొరికినా, దాన్ని ఎందుకు రాసుకున్నామో గుర్తుకు రాదు.

దీనికి అందరూ చెప్పే మందు ట్యాగ్. రాసుకున్న ప్రతిదానికీ ఒక గుర్తుమాట తగిలిస్తే, ఆ మాట నొక్కగానే దానికి సంబంధించినవన్నీ ఒకచోటికి వస్తాయి. 2007 ఆగస్టులో క్రిస్ మెస్సినా అనే డిజైనర్ ట్విటర్‌లో # గుర్తు వాడదామని ప్రతిపాదించాక హ్యాష్‌ట్యాగ్ ప్రపంచమంతా పాకింది. పేరు కొత్తదే కానీ పని మనకు కొత్త కాదు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఉన్న అడవి సీమలో, 17వ శతాబ్దంలో ఒక రెవెన్యూ ఉద్యోగి ఈ పనిని చాలా బాగా చేశారు. ఆయన పేరు కంచర్ల గోపన్న. మనం పిలుచుకునే పేరు భక్త రామదాసు.

ఆయన కథ మీకు సినిమాల్లో తెలిసే ఉంటుంది. 1964లో చిత్తూరు నాగయ్య, 2006లో నాగార్జున ఆ పాత్ర వేశారు. భక్తుడిగా ఆయన గొప్పతనం చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈసారి ఆయన్ని మరో వైపు నుంచి చూద్దాం. చెదిరిపోవాల్సిన తన ఆలోచనలన్నిటినీ ఒకే పేరుకు కట్టి నిలబెట్టుకున్న మనిషిగా చూద్దాం.

నేలకొండపల్లి నుంచి పాల్వంచకు

గోపన్న సొంతూరు నేలకొండపల్లి. ఇప్పటి ఖమ్మం జిల్లాలోనే ఉంది. తల్లి కామాంబ, తండ్రి లింగన్న మంత్రి. గోల్కొండ దర్బారులో చక్రం తిప్పిన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలని చెబుతారు. 1672లో అబుల్ హసన్ కుతుబ్ షా గోల్కొండ గద్దెనెక్కాడు. మనం తానీషా అని పిలుచుకునేది ఈయన్నే. ఆయన కొలువులో మాదన్న అందరికంటే పెద్ద మంత్రి అయ్యాడు. మేనల్లుడికి పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం వచ్చింది. రికమండేషన్ ఉద్యోగమే అనుకోండి, అప్పటి రోజుల్లో కొలువులు అలాగే దొరికేవి.

తహసీల్దారు పనేంటో ఒక్కసారి ఆలోచించండి. ఊరూరా శిస్తు వసూలు చేయాలి, లెక్క రాయాలి, సొమ్ము గోల్కొండకు చేర్చాలి. ఏ ఊరి నుంచి వచ్చింది, దేని కింద వచ్చింది, దేనికి పోయింది అనేది తేలాలి. లెక్కల్లో దీన్నే పద్దు అంటారు. ఒక మొత్తానికి మనం పెట్టే పేరన్నమాట. పద్దు లేని సొమ్ముకు లెక్క ఉండదు. అలాంటి సొమ్ముకు జవాబు చెప్పడం కష్టం. గోపన్న రోజూ చేసిన పని ఇదే. ఆయన తర్వాత రాసిన పాటల్లో ఈ తహసీల్దారు మాటిమాటికీ బయటికొస్తాడు. అందుకే ఈ ఉద్యోగం సంగతి గుర్తుంచుకోండి.

ఒకే సొమ్ము, రెండు పద్దులు

పాల్వంచ దాటి అడవిలోకి వెళ్తే గోదావరి ఒడ్డున భద్రగిరి. అక్కడి భద్రిరెడ్డిపాలెంలో పోకల దమ్మక్క అనే గిరిజన మహిళ ఉండేదని, ఆమెకు పుట్టలో సీతారామలక్ష్మణుల విగ్రహాలు దొరికాయని, పైన పందిరి వేసి తాటిపండు నైవేద్యం పెట్టేదని స్థలపురాణం. అడవిలో ఉన్నవాళ్ల దేవుడికి అడవిలో దొరికే పండే నైవేద్యం. వసూళ్ల పని మీద ఆ వైపు వచ్చిన గోపన్న ఆ పందిరి కింది దేవుణ్ని చూశారు. గుడి కట్టాలనుకున్నారు.

జనం ఇచ్చిన చందాలు సరిపోలేదు. ఆయన చేతిలో ఉన్నది ఖజానాకు చేరాల్సిన శిస్తు. దాన్నే గుడికి, నగలకు ఖర్చు పెట్టారు. ఆరు లక్షల వరహాలని జనం చెప్పుకునే లెక్క. ముందుగా అనుమతి తీసుకోలేదు.

ఇక్కడ భక్తిని కాసేపు పక్కన పెట్టి చూడండి. గోపన్న మనసులో ఆ సొమ్ము రాముడి పద్దు. గోల్కొండ దఫ్తరులో అది సర్కారు పద్దు. ఒకే సొమ్ముకు రెండు పేర్లు పడ్డాయి. రెండో పేరు పెట్టినవాడి చేతిలో సైన్యం ఉంది, జైలు ఉంది. సుల్తాను వైపు నుంచి చూస్తే ఒక ఉద్యోగి ప్రభుత్వ సొమ్ము దారి మళ్లించాడు. జనం వైపు నుంచి చూస్తే ఒక మనిషి తమ దేవుడికి ఇల్లు కట్టాడు. రెండూ నిజమే. ఉద్యోగంలో చేరబోతున్న మీకు ఇందులో ఒక పాఠం ఉంది. మనం దేనికైనా మన మనసులో ఏ పేరైనా పెట్టుకోవచ్చు. అంతమాత్రాన దాని యజమాని మారడు. ఆఫీసు డేటాకు మీ పర్సనల్ నోట్స్‌లో ఎంత అందమైన ట్యాగ్ పెట్టినా అది ఆఫీసుదే. గోపన్న ఈ తేడాను పట్టించుకోలేదు. దానికి చెల్లించిన మూల్యం ఏళ్ల తరబడి చెర.

కాగితం లేని చోట

గోల్కొండ కోటకు వెళ్తే రామదాసు బందీఖానా ఇప్పటికీ చూపిస్తారు. లోపల చీకటి. గోడ మీద సీతారామలక్ష్మణుల బొమ్మలు, హనుమంతుడి బొమ్మ చెక్కి ఉంటాయి. గోపన్నే చెక్కారని జనం నమ్మకం. పన్నెండేళ్లు ఆయన అక్కడే ఉన్నారని సంప్రదాయం చెబుతుంది. మంత్రి పదవిలో ఉన్న మేనమామలు కూడా విడిపించలేకపోయారు.

ఒక లెక్కల మనిషి దగ్గర నుంచి దఫ్తరు, కలం, కాగితం అన్నీ లాగేసుకున్నారు. మిగిలింది తల, గొంతు. బాధ ఒక రకంగా రాదు కదా. ఒకరోజు కోపం, ఒకరోజు బెంగ, ఇంకోరోజు ఏమీ పట్టని ప్రశాంతత. మరోరోజు కొరడా దెబ్బల నొప్పి. ఇవన్నీ విడివిడిగా వచ్చి విడివిడిగా పోతే మనిషి పిచ్చివాడైపోతాడు. గోపన్న వాటిని పాటలుగా, పద్యాలుగా మలిచారు. ప్రతిదానికీ ఒక గుర్తు పెట్టారు. ఆ గుర్తులు రెండు రకాలు. ఆయన రచనల్లో అన్నీ చెరలో పుట్టినవే కాకపోవచ్చు. గుర్తు పెట్టే అలవాటు మాత్రం అన్నిట్లోనూ ఒకటే.

మకుటం, ముద్ర

మొదటిది మకుటం. దాశరథి శతకం పద్యాలు బడిలో మీరు చదివే ఉంటారు. వందకు పైగా ఉత్పలమాలలు, చంపకమాలలు. ఏ పద్యం ఎక్కడ మొదలైనా చివరికి ఒకే పిలుపు దగ్గర ఆగుతుంది. దశరథుడి కొడుకుని దయాసముద్రుడా అని పిలిచే పిలుపు అది. శతకాల్లో మకుటం పెట్టడం గోపన్న కనిపెట్టింది కాదు. వేమనకూ ఉంది, సుమతికీ ఉంది. శతకంలో ఏ పద్యానికా పద్యం విడిగా నిలబడుతుంది. మకుటం వాటిని ఒక దండగా గుచ్చుతుంది. ట్యాగ్ చేసే పనీ ఇదే.

రెండోది ముద్ర. పాట చివరి చరణంలో రాసినవారు తమ పేరో, తమ దేవుడి పేరో పెట్టడం వాగ్గేయకారుల అలవాటు. క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడు అలా వచ్చిందే. గోపన్న పాటల్లో భద్రాచలం, రామదాసు అనే మాటలు ముద్రలుగా వస్తాయి. గమనించారా? ఒకటి స్థలం, ఒకటి మనిషి. ఎక్కడి ఆలోచన, ఎవరి ఆలోచన అనే రెండు ప్రశ్నలకూ జవాబు పాటలోనే ఉంది. నేలకొండపల్లిలో పుట్టి, గోల్కొండలో బందీగా ఉన్న మనిషి తన పాటకు భద్రాచలం అని చిరునామా రాసుకున్నారు. మనసు ఎక్కడుందో ఆ ఊరి పేరే ట్యాగ్ అయింది.

ఈ రెండు గుర్తుల్లోనూ ఒక విశేషం ఉంది. అవి విషయం పేర్లు కావు. భక్తి, బాధ, డబ్బు, ఉద్యోగం అని గోపన్న విడదీయలేదు. తాను ఎవరితో మాట్లాడుతున్నారో ఆ పేరే గుర్తు. అందుకే ఒకదానికొకటి పొసగని భావాలు కూడా ఆ గుర్తు కింద సర్దుకుపోయాయి. ఒక పాటలో దేవుడు పలకడం లేదని బెంగ. ఇంకో పాటలో సీతమ్మకు మొర, కాస్త మీ ఆయనతో చెప్పమ్మా అని. మరోదాంట్లో మనకేం తక్కువ అనే ధీమా. భద్రాద్రి కళ్లముందు కనబడుతున్నట్టు పొంగిపోయిన పాట వేరే. భావాల వారీగా ఫోల్డర్లు చేసి ఉంటే ఇవి నాలుగు చోట్ల పడి ఉండేవి. ఒకే పిలుపు కింద ఉన్నాయి కాబట్టి ఒక మనిషి జీవితంలా కనిపిస్తాయి.

లెక్కల పాట

తహసీల్దారు మళ్లీ బయటికొస్తాడని చెప్పాను కదా. ఇక్ష్వాకు వంశం పేరు ఎత్తి రాముణ్ని నిలదీసే పాట ఒకటుంది, అందరికీ తెలిసిందే. అందులో గోపన్న చేయించిన పనులన్నీ వరసగా వస్తాయి. ఏ వస్తువు, ఎవరి కోసం, ఎంతైంది. భరతుడికి ఒకటి, శత్రుఘ్నుడికి ఒకటి, లక్ష్మణుడికి ఒకటి, సీతమ్మకు చింతాకు పతకం. పక్కనే ఖర్చు. పాటలా వినిపించే ఆడిట్ రిపోర్టు అది. సర్కారు అడిగిన లెక్కను ఆయన దేవుడికి అప్పజెప్పారు. అంత సొమ్ము ఎవరు పెట్టారనుకున్నావని గట్టిగానే అడిగారు. చివరికొచ్చేసరికి దెబ్బలకు ఓర్చుకోలేక నోరు జారానని తగ్గారు.

ఒక్క పాటలో ఉద్యోగం, అప్పు, కోపం, పశ్చాత్తాపం, ప్రేమ అన్నీ ఉన్నాయి. వేటికవి విడిగా రాసి ఉంటే లెక్క లెక్కగానే, తిట్టు తిట్టుగానే మిగిలేది. పక్కపక్కన పెట్టేసరికి ఆయన పడుతున్న నరకం ఏంటో మనకు తెలుస్తుంది. ఆలోచనలను కలపడం అంటే ఇదే. కొత్త ఐడియాలు చాలావరకు ఇలాంటి చోటే పుడతాయి, రెండు సంబంధం లేని నోట్స్ ఒకే ట్యాగ్ కింద ఎదురుపడినప్పుడు.

రాజ్యం పోయింది, పాట మిగిలింది

ఆయన విడుదల కథ తెలుగునాట తెలియనివాళ్లుండరు. ఒక రాత్రి ఇద్దరు యువకులు తానీషా దగ్గరికొచ్చి బాకీ మొత్తం చెల్లించారని, రసీదు తీసుకెళ్లి గోపన్న దగ్గర పెట్టారని, వాళ్లు రామలక్ష్మణులేనని జనం చెప్పుకుంటారు. కథలో కూడా రసీదు ఉంది చూడండి. పద్దు మూసేదాకా లెక్కల మనిషి కథ ముగియదని మన పెద్దవాళ్లకు తెలుసు. భద్రాచలం కల్యాణానికి తానీషా ముత్యాలు పంపే ఆనవాయితీ మొదలుపెట్టారంటారు. ఇప్పటికీ శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు వెళ్తాయి.

ఆ కొలువు మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. 1686లో అక్కన్న, మాదన్నలు హత్యకు గురయ్యారు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. తానీషా బందీ అయ్యాడు. గోపన్నను లెక్క అడిగిన దర్బారే లేకుండా పోయింది.

పాటలు ఎలా బతికాయి మరి? రామదాసుకు పూర్వం తాళ్లపాక అన్నమయ్య కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించారు, రాగం పేరుతో సహా. తిరుమలలో వాటికి ఒక భాండాగారమే ఉంది. ఇప్పటి మాటల్లో పక్కా బ్యాకప్. గోపన్నకు ఆ భాగ్యం లేదు. ఆయన పాటలు భజన మండళ్ల గొంతుల్లో ఊరూరా తిరిగాయి. తిరిగేకొద్దీ రాగం మారింది, మాట అటూ ఇటూ అయింది. ముద్ర మాత్రం పాటలోనే ఉంది కాబట్టి ఎక్కడ విన్నా ఇది రామదాసుదని జనం గుర్తుపట్టారు. కావేరీ తీరాన తిరువయ్యూరులో ఉన్న త్యాగరాజు (1767-1847) తన కృతుల్లో రామదాసును పేరుపెట్టి తలుచుకున్నారు. ఒకరి గుర్తు ఇంకొకరి రచనలో లింక్ అయింది. 20వ శతాబ్దంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు ఆ కీర్తనలను రేడియోకి, క్యాసెట్‌కి, ఇంటింటికీ తెచ్చింది. ఇప్పుడు మీరు యూట్యూబ్‌లో వెతికినా దొరికేది ఆ ముద్ర వల్లే.

టెక్నాలజీ వైపు నుంచి నాకు బాగా నచ్చే సంగతి ఇదే. గుర్తు బయట అతికించిన చీటీ అయితే సామాను మారినప్పుడు ఊడిపోతుంది. లోపల నేసిన అంచు అయితే బట్టతోపాటే ఉంటుంది. నోట్స్ యాప్ మార్చినప్పుడు ఫోల్డర్లు, రంగులు, లేబుళ్లు ఒక్కోసారి కొత్త యాప్‌లోకి రావు. వాక్యంలోనే టైప్ చేసిన ట్యాగ్ ఆ వాక్యంతోపాటే వస్తుంది. యాప్ మూతపడినా ఉత్త టెక్స్ట్ ఫైల్లో వెతికితే దొరుకుతుంది.

మీ నోట్స్‌లో ఇలా..

గోపన్న నడిచిన నేల నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. మీది భద్రాచలం దగ్గర ఏదో ఊరు, గ్రూప్స్‌కి చదువుతున్నారు అనుకోండి. అందరిలాగే హిస్టరీ, జాగ్రఫీ, ఎకానమీ అని నోట్స్ విడగొట్టారు. అవి ఉండనివ్వండి. వాటికి అడ్డంగా #గోదావరి అనే ఒక ట్యాగ్ వేయండి. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులని జాగ్రఫీలో రాసుకున్నారు, ట్యాగ్ పెట్టండి. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరిందని కరెంట్ అఫైర్స్‌లో ఉంది, పెట్టండి. పోలవరం నిర్వాసితుల గురించి ఎకానమీలో ఉంది, పెట్టండి. వరదప్పుడు మీ అమ్మమ్మ సామాను అటక మీదికి ఎక్కించిన సంగతి డైరీలో ఉంటే దానికీ పెట్టండి. నెల తర్వాత ఆ ట్యాగ్ నొక్కితే ఒక వ్యాసానికి సరిపడా సరుకు ఉంటుంది. అది ఏ గైడులోనూ దొరకదు. ఇంటర్వ్యూలో మీ ప్రాంతం గురించి చెప్పమంటే తడుముకోనక్కర్లేదు.

ఇంకో నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

మకుటం ఒక్కటే ఉండాలి: ముప్పై ట్యాగులు పెట్టుకుంటే మళ్లీ గందరగోళమే. మీరు ఎవరికి లేదా దేనికి జవాబు చెప్పుకుంటున్నారో ఆలోచించి ఒక్క పెద్ద ట్యాగ్ ఎంచుకోండి. అది మీ ఊరు కావచ్చు, ఒక ప్రశ్న కావచ్చు, మీ నాన్న కావచ్చు. కెరీర్, ఐడియాలు లాంటి మాటలు మకుటానికి పనికిరావు. వాటి కింద ఏదైనా పడుతుంది, ఏదీ కలవదు.

భావానికీ చోటివ్వండి: విషయం పక్కన #కోపం, #అడగాలి, #భయం అని ఇంకో చిన్న మాట పెట్టండి. రిజెక్షన్ మెయిల్ వచ్చిన రోజు రాసుకున్న కోపం కింద కూడా ఆ పెద్ద ట్యాగే ఉండాలి. మూడు నెలల తర్వాత దాని పక్కనే ఆఫర్ లెటర్ నోట్ చేరితే, మధ్యలో మీరు ఏం నేర్చుకున్నారో తెలుస్తుంది.

ఎక్కడ తట్టిందో రాయండి: భద్రాచలం అని గోపన్న రాసుకున్నట్టు ఒక స్థలం పేరు చేర్చండి. లైబ్రరీ, హాస్టల్ మేడ, బస్టాండ్. చోటు గుర్తుకొస్తే ఆలోచన తేలిగ్గా గుర్తుకొస్తుంది.

భజన మానకండి: పాడకపోతే రామదాసు పాటలు కూడా మిగిలేవి కావు. వారానికి ఒకరోజు అరగంట పెట్టుకుని ఒక ట్యాగ్ తెరిచి మొత్తం చదవండి. రెండు నోట్స్ మధ్య సంబంధం తడితే అక్కడే మూడోది రాయండి.

ఖమ్మంలో ఆయన పేరిట కళాక్షేత్రం ఉంది, పాలేరు దగ్గర నీళ్లిచ్చే ఎత్తిపోతల పథకానికీ ఆయన పేరే పెట్టారు. ఆయన కలం పట్టే వీల్లేని చోట ఏళ్లకేళ్లు ఉన్నా, ఏ ఆలోచన ఎవరికి చెప్పాలో ఒక్కరోజు కూడా మరచిపోలేదు. ఇవాళ రాత్రి కొత్త యాప్ ఏదీ డౌన్‌లోడ్ చేయకండి. తెల్లకాగితం మీద మీ మకుటం ఏమిటో ఒక్క మాట రాయండి. రాయడానికి గంట పట్టినా తొందరపడకండి. ఆ ఒక్క మాట సరిగ్గా దొరికితే మిగతా ట్యాగులు వాటంతటవే వస్తాయి.